మేనరికానికి చోటిచ్చిన చట్టం స్వలింగ జంటలకు ఎందుకివ్వదు?

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో తెలుగిల్లు, ఒడియా ఇల్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. తెలుగింట్లో అక్క కూతుర్ని తమ్ముడికి చేసుకోవడం మామూలు విషయం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అంటే పుట్టిన రోజు నుంచే వరస. పక్కింటి ఒడియా కుటుంబానికి ఆ సంగతి ఎన్నేళ్లు చూసినా మింగుడు పడదు. వాళ్లకు మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి, మేనత్త కొడుకు అంటే అన్నయ్య. అలాంటి చోట పెళ్లి ఊసు ఎత్తడమే తప్పు. అయినా తెలుగింటి పెళ్లికి వాళ్లు వస్తారు, భోంచేస్తారు, చదివింపులు రాయించి వెళ్తారు. తరతరాలుగా ఇలాగే సాగుతోంది. దానివల్ల ఏ ఇంటి సంప్రదాయమూ కూలిపోలేదు.

దీని వెనక చట్టంలో ఉన్న ఏర్పాటు మనలో చాలామందికి తెలియదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మూడో సెక్షన్‌లో నిషిద్ధ సంబంధాల జాబితా ఉంది. మేనమామ-మేనకోడలు అందులో ఉన్నారు. అన్నాచెల్లెళ్ల పిల్లలూ ఉన్నారు. అంటే దేశమంతటికీ రాసిన రూలు ప్రకారం మన మేనరికాలు చెల్లవు. ఆ రూలు దాటితే పెళ్లి రద్దవడమే కాదు, పద్దెనిమిదో సెక్షన్ కింద నెల రోజుల దాకా జైలు కూడా పడొచ్చు. మనల్ని కాపాడుతున్నది ఐదో సెక్షన్‌లో ఉన్న చిన్న మినహాయింపు. ఇరువైపుల ఆచారం ఒప్పుకుంటే ఆ నిషేధం వర్తించదు. కాబట్టి ఒకే వీధిలో, ఒకే చట్టం కింద, ఒకింట్లో చెల్లే పెళ్లి పక్కింట్లో చెల్లదు.

ఇంకాస్త పైకి, గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల్లోకి వెళ్తే ఆ చట్టమే వర్తించదు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం నుంచి మినహాయింపు ఉంది. సవరలు, జాతాపులు, కోదులు, కోయలు తమ ఆచారం ప్రకారం పెళ్లిళ్లు చేసుకుంటారు. ఓలి, అంటే పిల్ల తరఫువాళ్లకు సొమ్ము, ఇచ్చి తెచ్చుకునే పెళ్లి ఉంది. ముందు లేచిపోయి, ఆ తర్వాత పెద్దల దగ్గర తప్పు కట్టి కలిసే పెళ్లి ఉంది. అల్లుడు అత్తింట్లో చాకిరీ చేసి పిల్లను తెచ్చుకునే పద్ధతీ ఉంది. ప్రభుత్వం వీటన్నిటినీ పెళ్లిళ్లుగానే లెక్కేస్తుంది. రేషన్ కార్డులో భార్య పేరు ఎక్కుతుంది, భర్త పోతే వితంతు పెన్షన్ వస్తుంది.

ఇలాంటి నేల మీద బతుకుతున్నవాళ్లం మనం. స్వలింగ జంటల పెళ్లి విషయంలో కేంద్రం 2023 మార్చిలో సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌ను మనమే ముందు తిప్పికొట్టాల్సింది. భారతీయ కుటుంబం అంటే ఒక మగవాడు, ఒక స్త్రీ, వాళ్లకు పుట్టిన పిల్లలు అనే ఒకే ఒక్క నమూనా ఉందని అందులో వాదించారు. ఆ నమూనా ఎక్కడుందో నాకు కనిపించదు. గంజాం నుంచి మల్కన్‌గిరి దాకా ఈ సరిహద్దు జిల్లాల్లో పెళ్లి అనే దానికి పొరుగు కులంతో, పొరుగు భాషతో, పొరుగు తెగతో కుదరని అర్థాలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే రిజిస్టర్‌లో రాసుకోవడం ప్రభుత్వానికి ఎప్పుడూ కష్టం కాలేదు. మరో జంట పేరు రాసుకోమంటేనే సంస్కృతి గుర్తొస్తోంది.

ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు సంగతి పాఠకులకు తెలిసిందే. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఏకగ్రీవంగా చెప్పింది. పెళ్లి కాకపోయినా కనీసం ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. మిగతా ముగ్గురు ఒప్పుకోలేదు. 2025 జనవరిలో, తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు. హైదరాబాద్ జంట ముందుండి నడిపిన కేసు అక్కడితో ముగిసింది. ఇప్పుడు బంతి చట్టసభల దగ్గరుందని అందరూ అంటున్నారు. ఆ చట్టసభల సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ హక్కు దేని గురించో తేల్చుకుందాం. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ మంగళసూత్రం, సప్తపది, అగ్నిసాక్షి దగ్గరే ఆగిపోతోంది. పురోహితుడు ఎవరికి పెళ్లి చేయాలి, గుడి తలుపులు ఎవరికి తీయాలి అని ఈ పిటిషన్లు అడగలేదు. అవి అడిగింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు. మంత్రం లేకుండా, మతంతో పని లేకుండా, ముప్పై రోజుల నోటీసు పెట్టి, ముగ్గురు సాక్షుల ముందు సంతకం చేసే పెళ్లి అది. మతాంతర, కులాంతర జంటల్లో చాలామందిని కాపాడింది ఆ చట్టమే. కాబట్టి ఇది పౌర హక్కు. ఓటరు జాబితాలో పేరు లాంటిది, భూమి పట్టా లాంటిది. ఎవరి ఆశీర్వాదంతోనూ దీనికి పని లేదు.

ఆ సంతకం లేకపోతే ఏమవుతుందో మన ఊళ్లలోనే చూద్దాం. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార పల్లెలున్నాయి. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు ఇరవై ఏళ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్నారనుకుందాం. తెల్లవారుజామున ఒడ్డున చేపలు కొని, బరంపురం మార్కెట్లో అమ్మి, ఇద్దరి సంపాదనతో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. స్థలం ఒకావిడ పేరు మీద ఉంది. ఆవిడ వీలునామా రాయకుండా పోయిందంటే, హిందూ వారసత్వ చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం ఆ ఇల్లు ఆవిడ తల్లిదండ్రులకు పోతుంది. వాళ్లు లేకపోతే తండ్రి వారసులకు, అంటే అన్నదమ్ములకు. ఇరవై ఏళ్లు గడప తొక్కని అన్నయ్య వచ్చి తాళం వేసుకోవచ్చు. రెండో ఆవిడ పేరు ఆ చట్టంలో ఏ వరసలోనూ రాదు. తహసీల్దార్ ఆఫీసులో లీగల్ హెయిర్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టడానికి కూడా ఆవిడకు అర్హత లేదు. తుఫానులో మనిషి పోతే ఇచ్చే పరిహారం కూడా ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల చేతికే వెళ్తుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలివి. ఆ కాగితం విలువ ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

మగవాళ్ల సంగతి చూద్దాం. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లేవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. మెస్ గదుల్లో పదులమంది కలిసి ఉండే బతుకులు. అలాంటి చోట ఇద్దరు జంటగా బతుకుతున్నారనుకుందాం. ఒకడు మిషన్‌లో పడి చచ్చిపోతే, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆధారపడినవాళ్లు ఎవరో చెబుతుంది. వితంతువు, పిల్లలు, తల్లిదండ్రులు, ఇంకా కొందరు బంధువులు. ఏళ్ల తరబడి ఒకే కుండలో వండుకుని తిన్న మనిషికి ఆ జాబితాలో చోటు లేదు. ఈఎస్ఐలోనూ అంతే. పీఎఫ్‌ ఫ్యామిలీ పెన్షన్‌లో కూడా కుటుంబం అంటే ఎవరో ముందే రాసి ఉంది. సర్కారు ఉద్యోగి అయితే జీవితాంతం రావాల్సిన ఫ్యామిలీ పెన్షనే పోతుంది.

పెళ్లి అంటే ప్రేమకు సర్టిఫికెట్ ఎందుకని అడిగేవాళ్లు ఈ లెక్కలు ఒకసారి వేసుకోవాలి. మన దేశంలో సామాజిక భద్రత అంతా కుటుంబం మీదే నిలబడింది. పెన్షన్, పరిహారం, ఆస్తి, ఆసుపత్రిలో సంతకం, దత్తత, ఆఖరికి కమిటీ అనుమతి కోసం తిరగకుండా కిడ్నీ ఇవ్వాలన్నా దగ్గరి బంధువు అనే హోదా కావాలి. ప్రభుత్వం ఇన్ని తలుపులకు ఒకే తాళం పెట్టి, ఆ తాళంచెవి కొందరు పౌరులకు ఇవ్వనంటే దాన్ని నేను వివక్ష అనే అంటాను. ఆ మాట నేనొక్కణ్నే అనడం లేదు. 2023 తీర్పులో పెళ్లి హక్కును తిరస్కరించిన జస్టిస్ రవీంద్ర భట్ కూడా, పీఎఫ్, ఈఎస్ఐ, పెన్షన్ లాంటివి ఈ జంటలకు అందకపోవడం వివక్షగా పరిణమిస్తోందని ఒప్పుకున్నారు. ఆ సంగతి ప్రభుత్వం చూసుకోవాలన్నారు.

ప్రభుత్వం చూసిన తీరు ఇదీ. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. 2024లో కొన్ని ఉత్తరాలు వెళ్లాయి. కలిసి బ్యాంకు ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా రాయించుకోవచ్చు అని చెప్పారు. రేషన్ కార్డు విషయం చిన్నదని నేను అనను. పేదింటికి ఆ కార్డే మొదటి గుర్తింపు. కానీ నామినీ దగ్గర మెలిక ఉంది. మన చట్టంలో నామినీ అంటే డబ్బు అందుకునేవాడే, సొంతదారు కాదు. వారసులు వచ్చి అడిగితే ఇచ్చేయాలి. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ చూడండి. నామినీ తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో అయితే ఆ డబ్బు వాళ్ల సొంతం. ఇంకెవరైనా అయితే వారసుల తరఫున పట్టుకుని ఉండాల్సిందే. అంటే ముప్పై ఏళ్లు ప్రీమియం కట్టి భాగస్వామి పేరు రాసినా, పెళ్లి లేకపోతే ఆ పేరుకు పూర్తి బలం రాదు. ఇక మృతదేహం సంగతి. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి తీసుకోవచ్చని ఆరోగ్య శాఖ రాసింది. బంధువులెవరూ రాకపోతేనే ఈ మనిషికి అవకాశం. జీవితమంతా పక్కన ఉన్న మనిషి శవం దగ్గర ఆఖరి వరసలో నిలబడాలన్నమాట. దీన్ని పరిష్కారం అంటే నేను ఒప్పుకోను.

అవతలి పక్షం చెప్పేదాంట్లో పట్టించుకోవాల్సిన మాట ఒకటుంది. ప్రత్యేక వివాహ చట్టం నిండా భర్త, భార్య, మగవాడికి ఇరవై ఒకటి, ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు అనే మాటలున్నాయి. విడాకులు, భరణం, వారసత్వం అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. కోర్టు ఒక పదం మారిస్తే పది చట్టాలు కదులుతాయి, అది చట్టసభ పని అన్నారు. అందులో నిజం ఉంది. సమాజం సిద్ధంగా లేదు, పిల్లలేమైపోతారు, ఇదంతా పట్నాల్లో చదువుకున్నవాళ్ల గోల అనే మిగతా మాటలకు నా దగ్గర అంత ఓపిక లేదు. 2020 ఆగస్టులో ఒడిశా హైకోర్టు ముందుకు ఒక ట్రాన్స్ పురుషుడు వచ్చాడు. తనతో కలిసి ఉంటున్న అమ్మాయిని ఇంట్లోవాళ్లు బలవంతంగా తీసుకెళ్లారని చెప్పాడు. ఇద్దరికీ కలిసి బతికే హక్కు ఉందని, ఆ అమ్మాయికి గృహహింస చట్టం కింద రక్షణ కూడా ఉంటుందని కోర్టు తేల్చింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇద్దరు అమ్మాయిల కేసు వచ్చింది. వాళ్లు మేజర్లు, ఇష్టమైనట్టు కలిసి ఉండొచ్చు, తల్లిదండ్రులు అడ్డు రాకూడదు అని చెప్పింది. సరిహద్దుకు ఇటు కటక్‌లో, అటు అమరావతిలో ఒకే మాట. కలిసి బతికే హక్కు రెండు పక్కలా ఉంది. ఆ బతుక్కి చట్టంలో పేరు మాత్రం ఏ పక్కనా లేదు.

ఇప్పుడు చట్టసభల దగ్గరకొద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

పార్లమెంటు చేయాలి అని అందరూ ఢిల్లీ వైపు చూస్తున్నారు. 2022లో ఎంపీ సుప్రియా సూలే ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించే ప్రైవేటు బిల్లు లోక్‌సభలో పెట్టారు. అది ముందుకు కదల్లేదు. 1970 తర్వాత ఏ ప్రైవేటు సభ్యుడి బిల్లూ మన పార్లమెంటులో చట్టం కాలేదు. కాబట్టి ఢిల్లీ నుంచి వస్తుందని ఎదురుచూడటం అంటే ఊరికే కూర్చోవడమే. కానీ రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తీసి చూడండి. ఉమ్మడి జాబితాలో ఐదో అంశం పెళ్లి, విడాకులు, దత్తత, వీలునామా, వారసత్వం. ఇవన్నీ రాష్ట్రాలు కూడా చట్టం చేయగల విషయాలు. కేంద్ర చట్టంతో తేడా వస్తే రాష్ట్రపతి ఆమోదం తీసుకోవాలి, అంతే.

ఇది కాగితం మీది అధికారం కాదు, వాడి చూపించారు. తమిళనాట పురోహితుడు లేకుండా జరిగిన ఆత్మగౌరవ వివాహాలు చెల్లవని 1950ల్లో మద్రాసు హైకోర్టు చెప్పింది. వేల కుటుంబాలకు అది పిడుగులాంటి వార్త. 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి తమ రాష్ట్రం వరకు సవరణ చేసింది. బంధుమిత్రుల ముందు దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా పెళ్లే అంది. అంతకుముందు జరిగిన పెళ్లిళ్లకు కూడా చట్టబద్ధత ఇచ్చింది. కోర్టు కాదన్నదాన్ని రాష్ట్ర అసెంబ్లీ అవునంది. దేశం ముక్కలవ్వలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటా ఇచ్చిన చట్టం ముందు ఢిల్లీ నుంచి రాలేదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చింది. 1986లో చేసిన ఆ సవరణను 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చారు. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర అదే దారి పట్టాయి. కేంద్రం 2005 సెప్టెంబరులో గానీ కదల్లేదు. ఆంధ్రా వైపున్న ఇచ్ఛాపురానికి, ఇటున్న బరంపురానికి మధ్య దూరం ఓ పాతిక కిలోమీటర్లు. ఒకే ఇంటిపేరు, ఒకే దేవుడు, ఒకే మాట, ఇటూ అటూ ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలు. అయినా ఇచ్ఛాపురంలో పెళ్లికాని కూతురికి 1985లో దొరికిన హక్కు కోసం బరంపురంలో ఆడపిల్ల మరో ఇరవై ఏళ్లు ఆగింది. ఆ ఇరవై ఏళ్లలో పంచుకున్న ఆస్తులు, రాసుకున్న దస్తావేజులు ఎన్నో. వాటాకు నోచుకోని ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. అప్పుడు ఒడిశా సమాజం సిద్ధంగా లేదని ఎవరైనా అని ఉంటారు. నష్టపోయింది మాత్రం మన అక్కచెల్లెళ్లు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఇచ్చిన జవాబు నన్ను బాధపెట్టింది అందుకే. కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే అప్పటికి జవాబిచ్చినవి ఏడు. అందులో రాజస్థాన్, అస్సాంతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఈ పెళ్లిళ్లను వ్యతిరేకిస్తున్నామని చెప్పింది. వివిధ మతాల పెద్దలను సంప్రదించి ఈ నిర్ణయానికి వచ్చామంది. ఆ ఏడింటిలో ఒడిశా లేదు. మతపెద్దల మాట అడిగే పద్ధతే ఉంటే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించగలిగేవారా? ఆ పెళ్లికి అండగా నిలిచింది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. ఆ చట్టానికి వ్యతిరేకంగా వచ్చిన సంతకాలు, అనుకూలంగా వచ్చిన వాటికంటే చాలా ఎక్కువ. అయినా చట్టం వచ్చింది. పాతికేళ్ల తర్వాత మన నేల మీద ఒక జంటకు పనికొచ్చింది. సమాజం మారాక చట్టం మారాలనేవాళ్లు ఈ క్రమాన్ని చూడాలి. ముందు చట్టం వచ్చింది, ఆ ధైర్యంతో మనుషులు ముందుకొచ్చారు, సమాజం మెల్లగా సర్దుకుంది.

ఈ హక్కును సమర్థించేవాళ్లు తరచూ వాడే ఒక వాదన నాకు నచ్చదు, ఆ మాటా చెప్పాలి. కోణార్క్ గోడల మీద శిల్పాలు చూడండి, మన పురాణాల్లో కథలు చూడండి, బరంపురం ఠాకురాణి జాతరలో ఆడవేషం కట్టే మగవాళ్లను చూడండి, ఇదంతా మన సంస్కృతే అంటారు. జాతరలో వేషం మొక్కు తీర్చుకోవడానికి కట్టేది. దానికి దాని పవిత్రత ఉంది, దాన్ని మన వాదనకు సాక్ష్యంగా లాగడం సరికాదు. అసలు పౌరుడికి హక్కు ఇవ్వడానికి పదమూడో శతాబ్దపు రాయి సాక్ష్యం ఎందుకు? ఆ శిల్పాలు లేకపోయినా, ఆ కథలు లేకపోయినా ఈ జంటల హక్కు ఇంతే గట్టిది. పన్ను కట్టించుకునేటప్పుడు ప్రభుత్వం వాళ్ల వంశచరిత్ర అడగదు కదా.

ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లుగా మనం ఈ విషయంలో మౌనంగా ఉండటం నాకు మింగుడు పడని మరో సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి సరిహద్దు గీత గీసినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు ఇటు వచ్చాయి. రాత్రికి రాత్రి మనం మైనారిటీ అయ్యాం. అప్పటి నుంచి మన బతుకంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. ఎక్కువమంది ఉన్నవాళ్లు ఒప్పుకుంటేనే తక్కువమందికి హక్కు ఉంటుందా? తెలుగు బడి కావాలంటే, తెలుగు టీచర్ కావాలంటే, పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకం కావాలంటే అసెంబ్లీలో ఓటింగ్ పెట్టండని మనం ఏనాడూ అడగలేదు. పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. మనం ఎప్పుడూ రాజ్యాంగాన్నే చూపించాం. అల్పసంఖ్యాకుల భాషను, లిపిని కాపాడుకునే హక్కు ఇరవై తొమ్మిదో అధికరణంలో ఉంది. సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ముప్పైలో ఉంది. మాతృభాషలో ప్రాథమిక విద్య ఏర్పాటు చేయాలని 350ఎ చెబుతోంది. ఈ అధికరణాలు రాసినవాళ్లు మెజారిటీ మనసు మారేదాకా ఆగమని మనతో అనలేదు. తక్కువమంది హక్కు ఎక్కువమంది దయ మీద ఉండకూడదనే వాటిని రాశారు.

ఆ రక్షణలో డెబ్బై ఐదేళ్లకు పైగా బతికినవాళ్లం, మరో మైనారిటీ వచ్చి అదే రాజ్యాంగాన్ని చూపిస్తే, సమాజం ఒప్పుకునేదాకా ఆగండి అని ఏ నోటితో అంటాం? మన వాదన మనకే ఎదురు తిరుగుతుంది. రేపు తెలుగు బడి మూసేసినప్పుడు పిల్లలు తక్కువమంది ఉన్నారు, జనం ఒడియానే కోరుకుంటున్నారు అని అధికారి చెబితే మన దగ్గర జవాబుండదు. సంఖ్య చూసి హక్కు ఇచ్చే లెక్క ఒకసారి ఒప్పుకుంటే అది మన గుమ్మం దగ్గర ఆగదు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి చేసిన పని చూడండి. తెలుగువాళ్లు ఆయన్ను వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా తలుచుకుంటారు. అంతకన్నా ముందు ఆయన సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ రోజుల్లో కొండ మీది సవరకు బడి ఎందుకని అడిగినవాళ్లే ఎక్కువ. తర్వాత 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్తుంటే ఆయన నిరసనగా ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తన భాషకు అన్యాయం జరిగినప్పుడు నిలబడిన మనిషి, తనది కాని భాషకు అన్యాయం జరిగినప్పుడు అంతకంటే ముందే నిలబడ్డారు. ఈ జిల్లాల తెలుగువాళ్లకు వారసత్వం అంటూ ఉంటే నా లెక్కలో అదే.

కొటియా గ్రామాల గొడవ కూడా ఈ మాటల్లోకి వస్తుంది. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు అంచున ఉన్న 21 ఊళ్లు తమవంటే తమవని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ దశాబ్దాలుగా కోర్టులకెక్కుతున్నాయి. అక్కడి గిరిజనులకు రెండు రాష్ట్రాలూ ఓటరు కార్డులు, రేషన్ కార్డులు ఇస్తున్నాయి. ఇటు ఒక ప్రభుత్వం పథకం తెస్తే అటు ఇంకో ప్రభుత్వం రోడ్డు వేస్తుంది. ఓటు, భూమి కోసం ఒకే కుటుంబాన్ని రెండుసార్లు రాసుకోవడానికి పోటీపడే ప్రభుత్వాలు, కళ్లెదురుగా ఉన్న మరో కుటుంబాన్ని ఒక్కసారి కూడా రాసుకోలేమంటున్నాయి. చేయాలనుకుంటే ప్రభుత్వానికి దారులుంటాయి, అది కొటియాలో చూస్తూనే ఉన్నాం.

ఒడిశా ప్రభుత్వం రేపే చేయగలిగిన పనులున్నాయి. సొంత ఉద్యోగుల పెన్షన్ నియమాలు రాష్ట్రం చేతిలోవే, 1992లో చేసిన ఆ నియమాల్లో కుటుంబం అనే నిర్వచనాన్ని మార్చడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. తుఫాను, పిడుగు, పడవ ప్రమాదాల్లో పోయినవాళ్లకు రాష్ట్రం తన నిధి నుంచి ఇచ్చే పరిహారం ఎవరికివ్వాలో నిర్ణయించేదీ రాష్ట్రమే. సర్కారు ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెట్టొచ్చో ఒక సర్క్యులర్‌తో తేల్చొచ్చు. ట్రాన్స్ వ్యక్తుల కోసం స్వీకృతి పథకం తెచ్చిన రాష్ట్రం ఇది, కాబట్టి ఈ అడుగు వేయలేనంత వెనకబడిందని నేననుకోను. పెద్ద పని రెండోది, ప్రత్యేక వివాహ చట్టానికి రాష్ట్ర సవరణ. 1967లో మద్రాసు చేసినట్టు, 1986లో హైదరాబాద్ చేసినట్టు, భువనేశ్వర్ చేసి రాష్ట్రపతికి పంపాలి. రాష్ట్రపతి ఆమోదం రాకపోవచ్చు. రాకపోతే ఎవరు ఆపారో అందరికీ తెలుస్తుంది. అమరావతి, హైదరాబాద్ కూడా అదే పని చేస్తే మూడు రాష్ట్రాల బిల్లులను పక్కన పడేయడం ఢిల్లీకి అంత తేలిక కాదు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో మన తెలుగు సంఘాలున్నాయి. ఉపాధ్యాయుల ఖాళీలు నింపమని, తెలుగు పుస్తకాలు సకాలంలో పంపమని భువనేశ్వర్‌కు, ఛత్రపూర్ కలెక్టరేట్‌కు అర్జీలు పెడుతూనే ఉంటాం. ఈసారి పెట్టే అర్జీలో బడుల తర్వాత మరో రెండు కోరికలు రాయమని సంఘాల పెద్దలను అడుగుతున్నాను. రాష్ట్ర పెన్షన్, పరిహారం నియమాల్లో స్వలింగ జంటలను కుటుంబంగా చేర్చాలని ఒకటి, ప్రత్యేక వివాహ చట్టానికి రాష్ట్ర సవరణ బిల్లు అసెంబ్లీలో పెట్టాలని ఇంకొకటి. సంతకాల్లో మొదటిది నాది రాసుకోండి.